ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లల హోమ్ స్కూలింగ్: మొదటి ఏడాది సిలబస్ వేసుకునే పద్ధతి

ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే చదివించాలనుకునే వాళ్లు మొదట అడిగేది ఏ పుస్తకాలు కొనాలని. ఈ వ్యాసంలో ఆ సంగతి ఐదో మెట్టు దగ్గర గానీ రాదు. పుస్తకాలు ముందు కొనేసి, వాటికి సరిపడా గంటలు ఇంట్లో లేవని ఆగస్టులో తెలుసుకునే వాళ్లే ఎక్కువ. ప్రణాళిక మొదలవ్వాల్సింది నేర్పే మనిషి దగ్గరున్న గంటలతో. పిల్లల సబ్జెక్టులు ఆ తర్వాత.

ఉదాహరణకు ఒక ఇల్లు అనుకుందాం. పెద్దమ్మాయికి 12 ఏళ్లు, ఏడో తరగతి వయసు. నడిపివాడికి 8, మూడో తరగతి. చిన్నదానికి 5, ఇంకా యూకేజీ. నాన్న ఉద్యోగానికి వెళ్తారు, చదువు చెప్పేది అమ్మ. మీ ఇంట్లో ఇద్దరే ఉన్నా, చెప్పేది నాన్నో తాతయ్యో అయినా లెక్క మారుతుంది గానీ పద్ధతి మారదు.

## 1. ముందు కాగితాల పని

విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత (సెక్షన్ 10). అలా చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఇంత శిక్ష అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇంట్లో చదివించడాన్ని అది పేరుపెట్టి అనుమతించలేదు, పేరుపెట్టి నిషేధించనూ లేదు. ఈ సందిగ్ధంలోనే మన దేశంలో హోమ్ స్కూలింగ్ నడుస్తోందని తెలిసే దిగండి.

బడి మాన్పించేటప్పుడు టీసీ, మార్కుల రికార్డు, స్టడీ సర్టిఫికెట్, బోనఫైడ్ తీసుకోండి. టీసీలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం తేడా లేకుండా ఉండాలి. రెండేళ్ల తర్వాత దిద్దించడం కంటే ఆ కౌంటర్ దగ్గరే దిద్దించుకోవడం చాలా తేలిక.

తెలుగు రాష్ట్రాల్లో కాలేజీ సీట్లకు, ఉద్యోగాలకు స్థానికత తేల్చేటప్పుడు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడిలో లేని ఏళ్లకు నివాస రుజువులు కావాల్సి రావచ్చు. అందుకని కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు లాంటివి ఏటా ఒక కాపీ ఫైల్లో పడేయండి.

బడిలో పేరు లేకపోతే బడికి ముడిపెట్టిన ప్రభుత్వ సాయం రాదు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం అలాంటిదే. ఆ డబ్బు మీ లెక్కలో ఉంటే ఇప్పుడే కొట్టేయండి.

జూన్‌లో తెలంగాణ బడిబాట (బడిలో లేని పిల్లల్ని చేర్పించే ప్రభుత్వ కార్యక్రమం) సమయానికి టీచర్లు ఇంటికొచ్చి "పిల్లలు ఏ బడికి వెళ్తున్నారమ్మా?" అని అడగవచ్చు. వాదనకు దిగకండి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పిల్లల నోటుపుస్తకాలు చూపించండి. వాళ్లు రాసుకోవాల్సింది రాసుకుంటారు.

చెక్‌లిస్టు:
☐ టీసీ, స్టడీ సర్టిఫికెట్, మార్కుల రికార్డు (ఒక్కో పిల్లకు రెండేసి జిరాక్సులు)
☐ ఆధార్, జనన ధ్రువపత్రంలో పేరు, తేదీ ఒకేలా ఉన్నాయా
☐ టీకాల కార్డు
☐ నివాస రుజువు, ఈ ఏడాదిది
☐ భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారా (దీనికి కాగితం లేదు గానీ అన్నిటికంటే ఇదే ముఖ్యం)

## 2. పదో తరగతి ఎక్కడ రాయాలో పెద్దమ్మాయికి ఇప్పుడే అనుకోండి

చిన్నవాళ్లిద్దరి విషయంలో తొందరేమీ లేదు. పెద్దదానికి మాత్రం రెండేళ్లలో 14 నిండుతాయి.

బడికి రోజూ వెళ్లకుండా పది రాయడానికి మనకు అందుబాటులో ఉన్న దారులు ప్రధానంగా ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్), ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. పదికి సమానమైన పరీక్ష రాయాలంటే 14 ఏళ్లు నిండి ఉండాలి. ఎన్‌ఐఓఎస్ సెకండరీలో ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, వాటిలో కనీసం ఒకటి భాష. పరీక్షలు ఏటా రెండు సార్లు, ఏప్రిల్-మే లోనూ అక్టోబర్-నవంబర్ లోనూ జరుగుతాయి. ఒకసారి నమోదైతే ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి సబ్జెక్టులు విడదీసి రాసుకోవచ్చు. తెలుగు మాధ్యమం కూడా ఉంది.

ఆ లోపు చిన్నవాళ్లకు సర్టిఫికెట్ కావాలనిపిస్తే ఎన్‌ఐఓఎస్ ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ఎ, బి, సి స్థాయిలు 3, 5, 8 తరగతులకు సమానం. మొదటి ఏడాదే వీటి జోలికి వెళ్లమని నేను చెప్పను. ఇంట్లో చదువు కుదురుకోకముందే పరీక్ష ఫీజు కట్టేస్తే ఏడాదంతా ఆ పరీక్ష చుట్టూనే తిరుగుతుంది.

మళ్లీ బడికి పంపే అవకాశం ఉందనుకుంటే అదీ ఇప్పుడే అనుకోండి. చట్టంలోని సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. ప్రైవేటు బళ్లు మాత్రం ఓ పరీక్ష పెట్టి చూస్తామంటాయి. తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే లెక్కలు, ఇంగ్లీషు, హిందీ మాత్రం తరగతి పుస్తకానికి దగ్గరగా ఉంచాలి. మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటాయి.

## 3. మీ దగ్గరున్న గంటలు లెక్కపెట్టండి

ఒక కాగితం తీసుకుని మామూలు సోమవారం ఎలా నడుస్తుందో రాయండి. వంట, పాలు, నీళ్ల ట్యాంకర్, అత్తయ్యగారి మందులు, అన్నీ రాయాలి. ఆ మిగిలిన ఖాళీలో ఫోన్ పక్కన పెట్టి పిల్లల ముందు కూర్చోగలిగే సమయం ఎంత?

మన ఉదాహరణ ఇంట్లో ఉదయం 9 నుంచి 12:30 దాకా, మూడున్నర గంటలు. మజ్జిగ విరామానికి, గ్యాస్ బండకు, కొరియర్ అబ్బాయికి అరగంట తీసేస్తే 3 గంటలు, అంటే 180 నిమిషాలు. ఇప్పుడు దాన్ని పంచాలి:

- ముగ్గురికీ కలిపి: 60 నిమిషాలు
- నడిపివాడికి: 50
- పెద్దదానికి: 40
- చిన్నదానికి: 30

నడిపివాడికి ఎక్కువెందుకంటే 7, 8 ఏళ్ల వయసులో పిల్లలు చదవగలరు గానీ ఒంటరిగా చదువుకోలేరు. పెద్దది 40 నిమిషాల్లో చెప్పించుకుని మిగతాది తనే చేసుకోగలగాలి. ఇదే పుస్తకాల ఎంపికను నిర్ణయిస్తుంది. పెద్దదానికి తీసుకునే పుస్తకం ఆ పిల్ల సొంతంగా చదివి అర్థం చేసుకోగలిగేదై ఉండాలి, ప్రతి పేజీకీ అమ్మ అవసరమయ్యేది వద్దు.

అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే? సాయంత్రం గంటన్నర, శనాదివారాలు పూర్తిగా ఉంటే ఇద్దరి దాకా కుదురుతుంది. పగలు ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేకుండా ముగ్గురితో కుదరదు. ఈ మాట చెబితే చాలామందికి కోపం వస్తుంది.

## 4. ఎవరు ఎక్కడున్నారో చూడండి

"మూడో తరగతి పాసయ్యాడు కాబట్టి నాలుగు మొదలుపెడదాం" అనకండి. బడి ఇచ్చిన తరగతి, పిల్లవాడికి వచ్చిన చదువు అన్నిసార్లూ ఒకటే కావు.

పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడటానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడే చిన్న పరీక్షాపత్రాలు తెలుగులో కూడా నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవడంలో నాలుగు మెట్లు: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు, సంఖ్యలు గుర్తించడం, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు. నడిపివాడికి ఇది చక్కగా సరిపోతుంది.

పెద్దదానికి ఆరో తరగతి లెక్కల పుస్తకంలోంచి భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు, నిష్పత్తి ఒక్కోదానిలో మూడేసి లెక్కలివ్వండి. జవాబు కంటే "ఎలా చేశావో చెప్పు" అన్నప్పుడు ఏం చెబుతుందో వినండి. జవాబు సరైనదై, ఎందుకలా చేసిందో చెప్పలేకపోతే ఆ అధ్యాయం మళ్లీ చెప్పాల్సిందే.

తెలుగు విడిగా చూడండి. ఇంగ్లీషు మీడియంలో చదివిన పన్నెండేళ్ల పిల్లలు దినపత్రికలో నాలుగు వాక్యాలు తడబడకుండా చదవలేకపోవడం మామూలే. ఒత్తుల దగ్గర ఆగుతుందా, పొడవైన మాటల దగ్గర ఆగుతుందా అన్నది గమనించండి. ఒత్తుల దగ్గరైతే పక్షం రోజుల పని. పొడవైన మాటల దగ్గరైతే చదివే అలవాటు లేదని, దానికి ఏడాది పడుతుంది.

ఈ పరీక్ష ముగ్గురినీ ఒకేసారి కూర్చోబెట్టి చేయొద్దు. ఒకరికి రానిది ఇంకొకరి ముందు బయటపడకూడదు.

## 5. విడిగా చెప్పేవి, కలిపి చెప్పేవి

ఇప్పుడు ఒక గీత గీయాలి. ముందుది రాకపోతే తర్వాతది రాని సబ్జెక్టులు గీతకు ఎడమవైపు, ఎక్కడ మొదలుపెట్టినా ఫర్వాలేనివి కుడివైపు.

విడిగా: లెక్కలు, తెలుగు చదవడం-రాయడం, ఇంగ్లీషు చదవడం-రాయడం.

కలిపి: పరిసరాల విజ్ఞానం, సోషల్, కథలు చదివి వినిపించడం, పద్యాలు, బొమ్మలు, పాటలు, వంటింటి పని, ఆటలు.

మధ్యలో ఇరుక్కునేది పెద్దదాని సైన్స్. ఆరో తరగతి దాటాక సైన్స్‌కు సొంత పుస్తకం కావాలి. తమ్ముడు చేసే ప్రయోగంలో తనూ చెయ్యి వేయొచ్చు గానీ దాంతో సరిపెట్టలేం.

హిందీ పెద్దదానికి మాత్రమే పెట్టండి, అదీ బడికి తిరిగి వెళ్లే అవకాశం ఉంటేనే. చిన్నవాళ్లకు తొలి ఏడాది రెండు లిపులు చాలు.

పుస్తకాల విషయానికొస్తే ఒక సబ్జెక్టుకు ఒక్క పుస్తకమే ఆధారంగా పెట్టుకోండి. రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర ప్రభుత్వ) పుస్తకాలు, ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర ప్రభుత్వ) పుస్తకాలు పీడీఎఫ్‌గా ఉచితంగా దొరుకుతాయి. జిరాక్స్ షాపులో వేయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే సరి. ప్రభుత్వ ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటుంది. తెలుగు మీడియంలో చదువుకున్న అమ్మ ఇంగ్లీషు మీడియం పిల్లలకు చెప్పేటప్పుడు వీటిని మించినవి లేవు. వాటిపై ఉన్న క్యూఆర్ కోడ్‌ను ప్రభుత్వ దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే పాఠం వీడియోలు వస్తాయి.

కథల పుస్తకాలకు సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగు పుస్తకాలు, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి. స్టోరీవీవర్‌లో కథలు స్థాయిల వారీగా ఉంటాయి, ఉచితం. జిల్లా గ్రంథాలయంలో చిన్న డిపాజిట్‌తో సభ్యత్వం వస్తుంది.

విదేశీ హోమ్ స్కూల్ ప్యాకేజీల పెట్టెలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ లెక్కల్లో సెంట్లు, గ్యాలన్లు, పరిసరాల్లో మంచు కురిసే శీతాకాలం చెప్పుకుంటూ పోవాలి. మన నడిపివాడికి కావలసింది కిలో వంకాయలు నలభై అయితే ముప్పావు కిలో ఎంతో తేల్చడం.

మొదట కొనాల్సినవి ఇవే:
☐ ఒక్కొక్కరికి నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు, ఒక రఫ్ బుక్
☐ చిన్నదానికి పలక, బలపాలు
☐ తెలుగు రాష్ట్రాల మ్యాపు, భారతదేశం మ్యాపు గోడకు
☐ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఒకటి
☐ స్కేలు, కొలిచే టేపు, వంటింటి త్రాసు

ఇంకేదైనా కొనాలనిపిస్తే దసరా దాకా ఆగండి.

## 6. ఏడాదిని వారాలుగా కోయండి

జూన్ 12 నుంచి మార్చి 31 దాకా సుమారు 41 వారాలు. దసరాకు 2, సంక్రాంతికి 1 తీసేస్తే 38. జ్వరాలు, పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు, ఇంటికొచ్చే చుట్టాలు కలిపి 4 వారాలు పోతాయి, 34 మిగులుతాయి. అందులోనూ ప్రతి ఎనిమిది వారాలకు ఒకటి చొప్పున 4 వారాలు ఖాళీగా వదలండి. పాఠాలు వేసుకోవాల్సింది 30 వారాలకే.

వారానికి నాలుగు రోజులే పాఠం. ఐదో రోజు లైబ్రరీకి, మిగిలిపోయిన పనికి, బయట తిరగడానికి. అంటే ఏడాదికి 120 పాఠం రోజులు.

ఇప్పుడు లెక్కల పుస్తకం తెరిచి అధ్యాయాలు ఎన్నో చూడండి. 15 ఉంటే ఒక్కోదానికి రెండు వారాలు. పెన్సిల్‌తో విషయసూచిక పక్కనే వారం నంబర్ వేయండి. తేదీ వేయకండి. తేదీ వేస్తే ఒక్క జ్వరంతో పట్టిక అంతా తప్పుతుంది, వారం నంబర్ అయితే జరిపితే చాలు.

కలిపి చెప్పే పాఠాలు మూడేసి వారాల చొప్పున పది అంశాలు. వాటిని ఋతువును బట్టి పేర్చుకోండి:

- జూన్-జూలై: మబ్బులు, వాన, మన వీధి మ్యాపు
- ఆగస్టు: పంచాయతీ, మున్సిపాలిటీ ఏం చేస్తాయి
- సెప్టెంబర్: పురుగులు, పక్షులు (వానలకు అన్నీ బయటికొస్తాయి)
- అక్టోబర్-నవంబర్: కృష్ణా నది (జలాశయాలు నిండి ఉంటాయి)
- డిసెంబర్: ఆకాశం, నక్షత్రాలు (మబ్బులుండవు, తొందరగా చీకటి పడుతుంది)
- జనవరి: వరి, చెరకు, మిర్చి
- ఫిబ్రవరి: కాకతీయులు (వరంగల్, రామప్ప చూడటానికి ఎండలు ముదరవు)
- ఫిబ్రవరి చివర: శరీరం, తిండి
- మార్చి: సంత, డబ్బు, బ్యాంకు

కృష్ణా చాలదనిపిస్తే గోదావరిని పదో అంశం చేసుకోండి. బయటికి వెళ్లే ముందు సెలవు రోజు చూసుకోవడం మరవద్దు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూకు సోమవారం సెలవు.

## 7. ఒకే అంశం, మూడు వయసులు

ముగ్గురినీ ఒకే పాఠంలో కూర్చోబెట్టడం ఎలా అన్నది చేసి చూపితే తప్ప అర్థం కాదు. కృష్ణా నదినే తీసుకుందాం. మూడు వారాలు, వారానికి నాలుగు సార్లు, రోజుకు అరగంట. పన్నెండు కూర్చోవడాలు.

మొదటి వారం: నది దారి. గోడ మ్యాపు ముందు ముగ్గురూ నిలబడాలి. మహారాష్ట్రలో మహాబలేశ్వర్ దగ్గర పుట్టి, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మీదుగా దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిన్నది నీలం దారంతో ఆ గీత వెంట అతికిస్తుంది. నడిపివాడు జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ పేర్లు చీటీల మీద రాసి ఒక్కోటీ దాని చోట పెడతాడు. పెద్దది భీమ, తుంగభద్ర, మూసీ, మున్నేరు ఎక్కడెక్కడ కలుస్తాయో వెతికి, ఖాళీ మ్యాపు తనే గీస్తుంది.

రెండో వారం: ఆనకట్ట ఎందుకు. పెరట్లోనో పెద్ద పళ్లెంలోనో మట్టితో వాలు చేసి, నీళ్లు పోసి, అడ్డుకట్ట వేయండి. చిన్నదానికి అంతే చాలు, లేవమన్నా లేవదు. నడిపివాడు అడ్డుకట్టకు పక్కగా కాలువ తవ్వి, నీళ్లు ఎందుకు పక్కకు మళ్లాయో మూడు వాక్యాలు రాస్తాడు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది, ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. కాలరేఖ గీసి ఇవి దాని మీద పెట్టేది పెద్దది.

పెద్దదానికి ఇంకో పని. వార్తల్లో రోజూ వినే టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,831 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఐదుగురున్న మన ఇంటికి ఏడాదికి ఎన్ని లీటర్లు? ఒక టీఎంసీ అలాంటి ఎన్ని ఇళ్లకు ఏడాదంతా సరిపోతుంది? సుమారు లక్షా పదిహేను వేల ఇళ్లని తేలాలి. ఆ రోజు విడిగా లెక్కలు చెప్పనక్కర్లేదు, ఇదే లెక్కల పాఠం.

మూడో వారం: నీళ్ల కింద ఊరు. సాగర్ కట్టేటప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, దాని బౌద్ధ స్తూపాలు, విహారాలు మునిగిపోయే చోట ఉన్నాయి. తవ్వి తీసి, కొన్నిటిని నాగార్జునకొండ ద్వీపం మీదికి, కొన్నిటిని దగ్గర్లోని అనుపుకు తరలించారు. వీలైతే లాంచీలో వెళ్లి చూడండి. వెళ్లలేకపోతే ఫొటోలు చాలు. ఆనకట్ట వల్ల ఎవరికి నీళ్లొచ్చాయి, ఎవరు ఊళ్లు వదిలి వెళ్లారు అని మాట్లాడుకోండి. ఐదేళ్ల పిల్ల "మన ఇల్లు మునిగితే?" అని అడుగుతుంది. పన్నెండేళ్ల పిల్ల పరిహారం గురించి అడుగుతుంది. రెంటికీ ఓపిగ్గా జవాబు చెప్పండి.

చివరి రోజు నానమ్మకో పక్కింటి పిన్నిగారికో ముగ్గురూ కలిసి చెప్పి వినిపించాలి. పరీక్ష అదే.

మిగతా అంశాలకూ ఇదే అచ్చు: చిన్నది చేత్తో చేస్తుంది, నడిపివాడు పేర్లు, వాక్యాలు రాస్తాడు, పెద్దది వెతికి, కొలిచి, వాదిస్తుంది.

## 8. రోజు పట్టిక

- 9:00-9:30, కలిపి: ఒక శతక పద్యం, తర్వాత కథ చదివి వినిపించడం.
- 9:30-10:00, చిన్నది: అక్షరాలు, అంకెలు. పెద్దది సొంతంగా లెక్కలు, నడిపివాడు చూచిరాత.
- 10:00-10:50, నడిపివాడు: లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు. పెద్దది సైన్స్ చదువుకుంటుంది, చిన్నది ఆట.
- 10:50-11:10: మజ్జిగ, వరండా, కేకలు.
- 11:10-11:50, పెద్దది: రాని లెక్కలు, చదివిన సైన్స్, ఇంగ్లీషు వ్యాసం. నడిపివాడు చెల్లికి కథ చదివి వినిపిస్తాడు, తర్వాత ఎక్కాలు.
- 11:50-12:20, కలిపి: నడుస్తున్న అంశం.

చిన్నదాన్ని ముందు కూర్చోబెట్టడానికి కారణం ఉంది. అమ్మ దగ్గర తన వంతు అయిపోయిన పిల్ల అరగంట ఆడుకుంటుంది. వంతు రాని పిల్ల అన్న పుస్తకం మీద పడుకుంటుంది.

మధ్యాహ్నం గంటసేపు పెద్దది సొంతంగా చదువుకోవాలి. హిందీ అందులోనే. సాయంత్రం వారానికి రెండు రోజులు నాన్న పెద్దదాని లెక్కల నోట్సు దిద్దాలి, కనీసం ఆ మాత్రం పంచుకోవాలి.

చిన్నదానికి తెలుగు అక్షరాలు చెప్పేటప్పుడు వరసగా మొత్తం పూర్తిచేయాలని పట్టుబట్టకండి. ఌ, ఙ, ఞ లాంటివి చివరికి వదిలేసి, రోజూ కనిపించే అక్షరాలతో రెండక్షరాల మాటలు చదివించండి. గుణింతాలు కుదిరాక అక్క, అమ్మ, పువ్వు లాంటి అదే అక్షరం ఒత్తులు, ఆ తర్వాతే వేరే ఒత్తులు.

## 9. మొదలుపెట్టేటప్పుడు అన్నీ ఒకేరోజు వద్దు

బడి మానేసిన పిల్లలకు నెల రోజులైనా పాఠం లేకుండా వదలండి. వేసవి సెలవులు దీనికి సరిపోతాయి.

జూన్‌లో మొదలుపెట్టిన మొదటి వారం ఉదయం కథ, పద్యం మాత్రమే. రెండో వారం లెక్కలు చేర్చండి. మూడో వారం తెలుగు, ఇంగ్లీషు. నాలుగో వారంలో కలిపి చెప్పే అంశం. జూలైకి పట్టిక పూర్తిగా నడుస్తుంది. ఈ మెట్లు తొక్కకుండా జూన్ 12 ఉదయం తొమ్మిదికి మొత్తం మొదలుపెట్టిన ఇళ్లలో పదకొండింటికే ఎవరో ఒకరు ఏడుస్తారు, చాలాసార్లు అమ్మే.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

మూడు వారాలు వెనకబడ్డాం. రోజుకు రెండు పాఠాలు చెప్పి అందుకోవాలని చూడొద్దు. ముందు ఖాళీ వారం వాడండి. చాలకపోతే అభ్యాసాల్లో బేసి సంఖ్య లెక్కలే చేయించండి. ఇంకా చాలకపోతే ఒక కలిపి చెప్పే అంశం పూర్తిగా తీసేయండి. లెక్కల అధ్యాయం మాత్రం తీసేయొద్దు.

పెద్దది టీచరైపోయింది. తమ్ముడికి చెప్పమనడం పది పదిహేను నిమిషాలకు మించితే ఆ పిల్ల చదువు పోతుంది, తమ్ముడితో స్నేహమూ పోతుంది. పక్కింటి వాళ్లు మెచ్చుకున్నారని పెంచకండి.

చిన్నది నడిపివాడి కంటే బాగా చదువుతోంది. వాళ్ల చదివే సమయాలు విడగొట్టండి, పుస్తకాలు వేరే అరలో పెట్టండి. వాడికి మాత్రమే వచ్చేది ఒకటి చేతిలో పెట్టండి, మొక్కల లెక్కో, సైకిల్ రిపేరో.

వీడియోలే పాఠమయ్యాయి. పాఠం తర్వాత ఒక వీడియో, పది నిమిషాలు, టీవీ మీద ముగ్గురూ కలిసి. ఫోన్ చేతికిస్తే తర్వాతి వీడియోను మీరు ఎంచుకోరు.

పెళ్లిలో చుట్టాలు ఎక్కాలు అడుగుతున్నారు. "ఏదీ, పదిహేడో ఎక్కం చెప్పు" అనే బాబాయి ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. పిల్లల్ని ముందే సిద్ధం చేయండి: రాకపోతే "ఇంకా నేర్చుకోలేదు బాబాయ్" అంటే సరిపోతుందని. వాళ్ల తరఫున మీరు సంజాయిషీ ఇచ్చుకోకండి.

అమ్మకు ఓపిక అయిపోయింది. నవంబర్‌లో ఇది దాదాపు అందరికీ వస్తుంది. వారం రోజులు లెక్కలు, కథ మాత్రమే ఉంచండి. ఆ వారంలో ఇంటిపనిలో ఒకటి వేరేవాళ్లకు అప్పగించండి, అప్పగించాక మళ్లీ తీసుకోవద్దు.

స్నేహితులు లేరు. దీనికి సిలబస్‌లో జవాబు లేదు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా వీధి పిల్లలు బయట ఉండే సమయంలో మీ పిల్లలకు ట్యూషన్, క్లాసు ఏదీ పెట్టకండి. వారానికి ఒకటి రెండు సార్లు కరాటేనో, సంగీతమో, క్రికెట్టో ఊళ్లో పిల్లలతో కలిపి నేర్పించండి.

## 11. రికార్డు, మార్చిలో చివరి లెక్క

ఒక్కొక్కరికి ఒక ఫైలు. నెలాఖరున మూడు కాగితాలు పెట్టండి: ఒక లెక్కల పేజీ, ఒక రాత పేజీ, ఒక బొమ్మో ఫొటోనో. తప్పులున్న పేజీలే పెట్టండి, దిద్దిన గుర్తులతో సహా. బాగా రాసినవి మాత్రమే దాచితే మార్చిలో పోల్చడానికి ఏమీ ఉండదు. చదివిన పుస్తకాల పేర్లు పిల్లలే చివరి పేజీలో రాసుకోవాలి. రేపు బడి వాళ్లు అడిగినా, ఇంటికొచ్చిన టీచరు అడిగినా చూపించేది ఈ ఫైలే.

ప్రతి ఖాళీ వారంలో ఒక సాయంత్రం అమ్మానాన్నలిద్దరూ కూర్చుని చూడాల్సినవి:
☐ ముగ్గురిలో ఈ ఎనిమిది వారాల్లో ఎవరి వంతు ఎక్కువసార్లు తప్పింది?
☐ లెక్కల్లో వారం నంబర్ ఎంత వెనక?
☐ పెద్దది సొంతంగా చేసిన పని ఎవరైనా దిద్దారా?
☐ తెలుగు చదవడం రోజూ జరిగిందా? (అన్నిటికంటే ముందు జారిపోయేది ఇదే)
☐ ఐదో రోజు నిజంగా బయటికి వెళ్లారా?

మార్చి చివరి వారంలో అసర్ పత్రం, పెద్దదాని ఆ మూడేసి లెక్కలు మళ్లీ ఇవ్వండి. ఏ పుస్తకం తెరవడమే తగ్గిపోయిందో చూసి దాన్ని వచ్చే ఏడాది మార్చండి. మిగతావి మార్చకండి, పిల్లలకు అలవాటైన పుస్తకం తర్వాతి భాగంలో సగం పని తగ్గిస్తుంది. పెద్దదానికి 13 దాటుతుంది కాబట్టి ఎన్‌ఐఓఎస్, రాష్ట్ర ఓపెన్ స్కూల్ సిలబస్‌లు రెండూ దింపుకుని తన చేతికే ఇవ్వండి. ఏ ఐదు సబ్జెక్టులన్నది ఆ వేసవిలో ఆ పిల్లతో కూర్చుని తేల్చుకోవచ్చు.